తనంతట తానే లేచింది

ఎలక అనగానే ఎవరికైనా బియ్యం బస్తాకి కన్నం పెట్టేదే గుర్తొస్తుంది. నాకూ అంతే. ఇరవై మూడేళ్లు తెల్ల ఎలకల బోనులు కడిగిన మనిషిని. వాటి గురించి ఎవరైనా నాకు కొత్త సంగతి చెప్పబోతే లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. అలాంటిది ఆఫ్రికా నుంచి ఆ పన్నెండు జతలూ దిగిన రోజున, పెట్టె మూత తీసి నోరు వెళ్లబెట్టి నిలబడిపోయాను.

ఒక్కోటీ నా బొటనవేలంత ఉంది. తోక ఒంటికన్నా పొడుగు. నేల మీద కాదు, గడ్డిపరకల మీద నడుస్తాయి. పరక వంగితే తోక చుట్టి వేలాడతాయి. వెనక కాలి చివరి వేలు మన బొటనవేలిలా అడ్డం తిరిగి కాడని పట్టుకుంటుంది. ఒళ్లు ఇటుకరంగు, వీపు పొడుగునా కాటుకతో గీసినట్టు ఒకటే నల్లచార. బరువు ఎనిమిది గ్రాములు. వీటి గురించి లోకానికి అప్పటిదాకా తెలిసిందంతా రాసినా ఒక పోస్టుకార్డు నిండదు. డెబ్బై ఏళ్ల కిందట ఎవరో దొర రెండింటిని పట్టి, చర్మాలు ఒలిచి మ్యూజియంలో పెట్టాడట. ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. ఆ కొండల దగ్గరే పుట్టిన ఫురాహా అనే పరిశోధకురాలు పదకొండేళ్లు వెదురు పొదల్లో తిరిగి మళ్లీ వీటి జాడ కనిపెట్టింది.

నా పేరు కోటిలింగం. పుట్టింది రాజమండ్రి, బతుకుతెరువు విశాఖపట్నం. కొండవాలున ఉన్న ఒక పరిశోధన సంస్థలో జంతువుల ఆలనాపాలనా చూసేవాణ్ణి. మేత, నీళ్లు, తూకం, రిజిస్టరు, ఇవీ నా పనులు. చదువు పదో తరగతి. డాక్టర్ సువర్చల మా ప్రయోగశాలకి పెద్ద. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. నేను "మేడమ్" అంటే ఆవిడ "కోటిలింగం గారూ" అనేది. మాట పెళుసు గాని మనిషి మంచిది.

ఫురాహా ఆ ఎలకలతోపాటే వచ్చి, నాలుగు రోజులుండి, ఎలా సాకాలో నేర్పింది. ఆవిడ ఇంగ్లీషులో చెప్తే మేడమ్ నాకు తెలుగులో చెప్పేది. పచ్చగడ్డి కాడలు నిలబెట్టి పెడితే అవే గూడు అల్లుకుంటాయి, బత్తాయి పండంత గుండ్రటి గూడు, ఒక పక్కన చిన్న కన్నం. మిడతలు, పురుగులు, గడ్డిగింజలు తింటాయి. తిరుగుడంతా రాత్రిళ్లే. అందుకని ఆ గదిలో మేం రాత్రీ పగలూ తారుమారు చేశాం. బయట ఎండ మండిపోతుంటే లోపల ఒక్క ఎర్రబల్బు వెలుగులో పని చేసుకునేవాళ్లం.

"చలి ముదిరి మేత దొరకనప్పుడు ఇవి ఒళ్లు చల్లబరుచుకుని పడుకుంటాయి," అని చెప్పింది మేడమ్. "ముట్టుకుంటే రాయే. గుండె నిమిషానికి మూడుసార్లు కొట్టుకుంటుంది. అలా రోజుల తరబడి ఉండి మళ్లీ లేచి తిరుగుతాయి. ఆ కిటుకేమిటో తెలిస్తే, కోటిలింగం గారూ, గుండె కోసం, కాలేయం కోసం ఎదురుచూస్తూ చచ్చిపోతున్నవాళ్లని మనం పడుకోబెట్టొచ్చు. అవయవం దొరికిన రోజున లేపొచ్చు."

ఫురాహా ఇంకో మాట కూడా చెప్పింది. "మా కొండల మీద చలిరోజుల్లో ఒంటరి గూడు నేనెప్పుడూ చూడలేదు. గూటికి రెండో మూడో ఉంటాయి. అన్నీ ఒకేసారి పడుకోవు. ఒకటి వెచ్చగా ఉంటుంది."

మేడమ్ ఆ మాట నోట్సులో రాసుకుంది. కానీ ప్రయోగానికి ఏ ఎలక వివరం ఆ ఎలకదే కావాలి కాబట్టి బోనుకి ఒకటే ఎలక. ప్రయోగశాలలన్నిటా అదే పద్ధతి, దాన్ని తప్పు పట్టేందుకు ఏమీ లేదు.

*

రిజిస్టర్లో వాటికి అంకెలే. నా నోట్లో మాత్రం రాజమండ్రి నుంచి విశాఖ దాకా ఉన్న రైలు స్టేషన్లు. కడియం, ద్వారపూడి, సామర్లకోట, పిఠాపురం, అన్నవరం, తుని. స్టేషన్లు అయిపోయాక పిల్లలు పుడితే గోదావరి రేవుల పేర్లలోకి దిగాను. మేడమ్ విని, "రిజర్వేషన్ చేయించమంటారా?" అని వెక్కిరించేది.

లేపే పద్ధతి ఇదీ. గదిలో చల్లదనం నెమ్మదిగా తగ్గించాలి. ఎలక తనంతట తాను లేచి గూటి కన్నంలోంచి తల బయటపెట్టేదాకా దాని జోలికి పోకూడదు. తల బయటపెట్టాక తూకం వేసి, టైము వేసి, "తనంతట తానే లేచింది" అని రాయాలి. మూడు గంటల్లో లేవకపోతే పోయినట్టు.

మొట్టమొదటి విడతలో పడుకోబెట్టింది ఒక్క పిఠాపురాన్నే. అది లేవలేదు. మూడు గంటలు దాటింది. గూడు విప్పాను. చెవులు ఒంటికి అంటుకుపోయి, తోక చుట్ట చుట్టుకుని, మంచుముక్క. సంచిలో వేద్దామని చేతిలోకి తీసుకున్నాను గానీ వెయ్యబుద్ధి కాలేదు. రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, నోటి ఆవిరి ఊదుతూ స్టూలు మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలు. పది. ఒక మీసం కదిలింది. కాసేపటికి ఒళ్లంతా సన్నగా వణకడం మొదలెట్టింది. ఆ వణుకు నా చేతులకి ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను. దాన్ని గూట్లో పెట్టేసి, చుట్టూ చూసి, దొంగలా కళ్లు తుడుచుకున్నాను.

రిజిస్టర్లో ఏమని రాయను? ముట్టుకున్నానంటే ఆ ఎలక ప్రయోగంలోంచి పోతుంది, నాకు మెమో వస్తుంది. "తనంతట తానే లేచింది" అని రాశాను.

ఆ తర్వాతి విడత నుంచి మూడు గంటలదాకా ఆగడం దేనికి అనిపించింది. చల్లదనం తగ్గించిన గంటకల్లా ఒక్కోదాన్నీ గూటితో సహా చేతుల్లోకి తీసుకునేవాణ్ణి. ఎవరైనా చూసినా తూకం వేస్తున్నాననుకుంటారు. అసలు ఆ వేళప్పుడు ఆ గదికి ఎవరూ వచ్చేవారు కారు. అవెలాగూ లేచేవే, నేను కాస్త తొందరపెడుతున్నానంతే అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండేది.

రెండేళ్లలో రెండువందల పద్నాలుగు నిద్రలు. రెండువందల పద్నాలుగు సార్లూ లేచాయి. ఒక్కటంటే ఒక్కటి చావలేదు.

వాటి చర్మం కింద వేడిని కొలిచే బిళ్ల ఒకటి, బియ్యపుగింజంతది, పెట్టి ఉండేది. కంప్యూటరు దాన్నిబట్టి గీత గీసేది. ఒకరోజు మేడమ్ నన్ను పిలిచి మరీ ఆ గీత చూపించింది. "ఇక్కడిదాకా నేలబారుగా ఉందా? ఇక్కణ్ణించి చూడండి, నిటారుగా ఎలా లేచిందో! లోపల్నుంచి ఎంత వేడి పుట్టిస్తోందో ఈ పిడికెడు ప్రాణి!" ఆవిడ మొహం పండగలా ఉంది. ఆ గీత విదేశీ పత్రికల్లో అచ్చయింది. ఎక్కడెక్కడివాళ్లో ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. నిటారుగా లేచిన ఆ ముక్క నా అరచెయ్యి.

అప్పుడు చెప్పాల్సింది. మొదట ఉద్యోగానికి భయపడ్డాను. తర్వాత ఆవిడ మొహంలో ఆ వెలుగు ఆర్పలేకపోయాను. ఇంకొంచెం రోజులు పోయాక చెప్పడం కుదరని పనైపోయింది, ఎందుకంటే మధ్యలోకి మా ఇంటావిడ వచ్చింది.

*

మా ఇంటావిడ మంగతాయారు. నన్ను "ఎలకల డాక్టరుగారు" అనేది. ఇరుగుపొరుగు ముందు కూడా అనేది. జాకెట్లు కుట్టేది. మిషను తొక్కుతూ టీవీలో వాళ్లతో పోట్లాడేది. మేముండేది మూడో అంతస్తు. మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆగి ఎవరో ఒకరిని పలకరించేది. కబుర్ల పిచ్చి అనుకుని నేను విసుక్కునేవాణ్ణి. ఊపిరందక ఆగుతోందని ఆరు నెలలదాకా నాకు తెలియలేదు. రెండువందల నిద్రల్లో ఎలకల ఊపిరి లెక్కపెట్టినవాణ్ణి, ఇంట్లో మనిషి ఊపిరి వినలేదు.

గుండె కండరం సాగిపోయిందన్నారు. కొత్త గుండె తప్ప దారి లేదన్నారు. వరసలో పేరు రాయించాం. మన వంతు రావడానికి ఏడాది పైనే పడుతుందట. ఆవిడకున్నది మూడు నాలుగు నెలలు.

ఆ సమయానికి ఎలకల రక్తంలోంచి తీసిన మందు పందుల మీద పనిచేసింది. పడుకోబెట్టినవన్నీ లేచాయి. మనుషుల మీద వాడి చూడటానికి అనుమతి వచ్చింది. మొదట ముగ్గురికి. మేడమే నన్ను గదిలోకి పిలిచి కూర్చోమంది.

"మంగతాయారు గారి కాగితాలు చూశాను. ఆవిడ సరిపోతారు. గుండె దొరికేదాకా పడుకోబెడదాం. నిద్రలో ఉన్న ఒంటికి కొత్త గుండె పెట్టలేం, ముందు లేపి వెచ్చబడ్డాకే ఆపరేషన్. మీరు ఇంట్లో మాట్లాడండి."

నేను ఆవిడకి దణ్ణం పెట్టాను. నిజంగానే పెట్టాను.

అదే వారం ఫురాహా నుంచి ఉత్తరం వచ్చింది. టీ తాగుతూ మేడమ్ తెలుగులో చదివి వినిపించింది. "మీ ఫలితాలు చూసి ఆశ్చర్యపోయాను. ఇక్కడ మేం తోడు లేకుండా పడుకోబెట్టినవాటిలో సగానికి పైగా లేవలేదు. మీరేదో భిన్నంగా చేస్తున్నారు. అదేమిటో తెలుసుకోవాలనుంది." మేడమ్ కాగితం మడిచి, "అక్కడ కరెంటు సరిగా ఉండదు పాపం, చల్లదనం ఒక తీరున నిలవదు," అంది.

నా చేతిలో టీ గ్లాసు ఉంది. తాగలేదు, కింద పెట్టలేదు. ఆ క్షణాన నాకు సంగతి మొత్తం తెలిసిపోయింది. అప్పుడు నోరు విప్పితే ప్రయోగం ఆగిపోతుంది. అన్నీ మొదటినుంచి చెయ్యాలి, మరో రెండేళ్లు. తాయారుకి రెండేళ్లు లేవు. లేపేటప్పుడు నేను పక్కనుంటే చాలు, చెయ్యి పట్టుకుంటాను, లేస్తుంది, అని నాకు నేనే చెప్పుకున్నాను. టీ చల్లారిపోయింది.

*

ఆస్పత్రిలో చేర్చే రోజు పొద్దున్న మా అమ్మాయి వకుళ అనకాపల్లి నుంచి వచ్చింది. అక్కడ బళ్లో టీచరు. తల్లికి తల దువ్వి జడ వేస్తోంది. ఆస్పత్రివాళ్లు గుండు చేయిస్తారేమోనని తాయారుకి బెంగ. "చెయ్యరమ్మా, నేను అడిగాను," అంటోంది వకుళ.

తాయారు అద్దంలోంచే నన్ను చూసింది.

"ఏవండీ, మీ ఎలకలన్నీ లేచాయి కదా?"

"అన్నీ లేచాయి."

"ఒక్కటి కూడా పోలేదు కదా?"

"పోలేదు."

"ఆ పుస్తకం రాసింది మీరే కదా. ఇంకెవరో రాసుంటే భయపడేదాన్ని." వకుళ వైపు తిరిగి, "మీ నాన్న పాలవాడి ఖాతా కూడా తప్పు రాయరే," అంది.

నేను చెప్పులు వెతుక్కునే నెపంతో వరండాలోకి వెళ్లిపోయాను.

పడుకోబెట్టే గది అద్దాల గది. లోపలికి డాక్టర్లకి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. ఒళ్లు చల్లబడినప్పుడు రోగాలతో పోరాడే శక్తి ఉండదు, చిన్న సూక్ష్మక్రిమి చాలు. మందు ఎక్కించాక తాయారు మెల్లగా తెల్లబడింది. పెదవులు నీలమయ్యాయి. తెర మీద గుండె గీత దూరం దూరంగా పడటం మొదలైంది. వకుళ నా భుజం మీద తల పెట్టి ఏడిచింది. నేను మాత్రం ఆ గది తలుపుకి తాళం ఎలా పడుతుందో చూస్తున్నాను.

తర్వాతి రోజుల్లో మేడమ్‌ని మూడుసార్లు అడిగాను. లేపేటప్పుడు నన్ను లోపల ఉండనివ్వమని.

"ఎందుకండీ? యంత్రం దుప్పటి వేడెక్కిస్తుంది. ఆవిడ తనంతట తానే లేస్తారు. మీరు అద్దంలోంచి చూస్తూనే ఉంటారుగా."

"పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని..."

"ఎవరికి ధైర్యం? నిద్రలో ఉన్నావిడకా?" అని నవ్వింది. "మీకోసం నియమం మారిస్తే మిగతా ఇద్దరి చుట్టాలూ అడుగుతారు. కారణం ఏదైనా ఉంటే చెప్పండి, ఆలోచిస్తాను."

కారణం నా నాలుక చివర ఉంది. చెప్తే ఇప్పుడే, గుండె రాకముందే, ముగ్గుర్నీ లేపేస్తారేమో. లేపాక మళ్లీ ఎవరు పడుకోబెడతారు? రేపు చెప్దాం, గుండె వచ్చాక చెప్దాం అనుకుంటూ డెబ్బై రోజులు నెట్టేశాను.

*

డెబ్బై ఒకటో రోజు పొద్దున్న ఏడింటికి గుండె దొరికిందని కబురు. ఊళ్లోనే, రోడ్డు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలిన కుర్రాడిది. వాళ్లవాళ్లు ఒప్పుకున్నారు. సాయంత్రందాకా ఉంచగలమన్నారు. అన్నీ చకచకా జరిగిపోయాయి. నేను వెళ్లేసరికే దుప్పటి వేడెక్కడం మొదలైంది. ఫురాహా దగ్గర కొన్ని తోడు లేకుండానే లేచాయి కదా, తాయారూ లేస్తుందేమోనని అప్పటికీ నోరు విప్పలేదు.

మేడమ్ ముసుగూ చేతితొడుగులూ వేసుకుని లోపలుంది. నేనూ వకుళా అద్దం ఇవతల. తెర మీద ఒంటి వేడి అంకెలు పెరుగుతున్నాయి. ఇరవై. ఇరవై నాలుగు. ఇరవై తొమ్మిది. తాయారు బుగ్గల్లోకి రంగు తిరిగింది. పదిన్నరకి ముప్పై నాలుగు.

"అమ్మ బాగుంది నాన్నా, చూడు," అంది వకుళ.

ఒళ్లు వెచ్చబడింది గానీ గుండె గీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నిమిషానికి అయిదు. వెచ్చబడిన ఒంటికి అది చాలదు. మేడమ్ ఏదో మందు ఎక్కించింది. మరోటి ఎక్కించింది. తెర వంక, తాయారు వంక, మళ్లీ తెర వంక చూసింది. మా వైపు తిరిగినప్పుడు ముసుగు పైన ఆవిడ కళ్లు నాకు అర్థమయ్యాయి.

నేను తలుపు బాదాను. రెండు చేతులా బాదాను. మేడమ్ బయటికి వచ్చింది.

"అవి వాటంతట అవి లేవలేదు మేడమ్. నేను లేపాను. ఒక్కోదాన్నీ చేతుల్లో పెట్టుకుని లేపాను. మొదటి రోజు నుంచీ. అన్నిటినీ."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి ఆనుకుంది. ఒక్క మాటే అడిగింది.

"గీత?"

"నా చెయ్యి."

ఆవిడ నన్ను తిట్టలేదు. భుజం పట్టుకుని లోపలికి తోసింది. ముసుగు లేదు, చేతులు కడుక్కోలేదు, ఏమీ లేదు. నేను మంచం ఎక్కి తాయారు పక్కన పడుకుని, ఆవిణ్ణి గుండెకి హత్తుకున్నాను. తాయారూ, తాయారూ అని పిలుస్తూనే ఉన్నాను. మెడ దగ్గర ఊదాను. ఎలకలకి ఊదినట్టే ఊదాను, అంతకన్నా నాకేం తెలుసు?

గీత కాస్త దగ్గరపడింది. ఎనిమిది. పదకొండు. ఆవిడ ఒళ్లు సన్నగా వణకడం నా చేతులకి తెలిసింది. ఆ వణుకు నాకు తెలిసినదే. "వస్తోంది మేడమ్! వస్తోంది!" అని అరిచాను. తాయారు వేళ్లు నా చొక్కా గుండీ దగ్గర కదిలాయి. నిజంగా కదిలాయి, వకుళ కూడా చూసింది.

పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. గంటన్నర సేపు వేడెక్కిన ఒంటికి రక్తం చాలక లోపల దెబ్బతినాల్సినవన్నీ దెబ్బతిన్నాయని తర్వాత చెప్పారు. మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలకి గీత చదునైపోయింది. నేను దిగలేదు. వాళ్లే దింపారు.

ఆ గుండెని వరసలో తర్వాత ఉన్న ఒకావిడకి పెట్టారు. ఆవిడ బాగుందట. బాగుండాలి.

వకుళ నన్ను ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగింది. "నాన్నా, అమ్మ అద్దంలోంచి నిన్ను అడిగిన రోజున నీకు తెలుసా?" తెలుసన్నాను. పదకొండో రోజు కర్మ అయ్యేదాకా ఉంది, అందరికీ వడ్డించింది, నా విస్తట్లోనూ వడ్డించింది. అనకాపల్లి వెళ్లిపోయింది. ఫోను ఎత్తదు.

*

పన్నెండో రోజున పనిలోకి వెళ్లాను. ఇంకెక్కడికి వెళ్లను? ఉద్యోగం ఉంటుందనుకోలేదు. మేడమ్ తన గదిలో పందుల కాగితాలు ముందేసుకుని కూర్చుంది. మనిషి సగమైంది.

"పందులు ఎందుకు లేచాయో తెలుసా?" అంది, నేను గుమ్మంలో ఉండగానే. "జాగా చాలక ఒక్కో దొడ్లో రెండేసి పెట్టారు. ఒకదాన్నే నిద్రపుచ్చారు. రెండోది దాన్ని ఆనుకుని పడుకుంది. అన్ని కాగితాల్లోనూ ఉంది. నేను చదివాను. చదివి పేజీ తిప్పాను." కాగితాలు మూసేసింది. "రెండేళ్లలో ఒక్కనాడు, ఒక్క గంట, ఆ గదిలోకి వచ్చి మీ పక్కన కూర్చోలేదు కోటిలింగం గారూ. మీ దస్తూరీ చక్కగా ఉందని నమ్మేశాను."

"మీ తప్పేం లేదు మేడమ్."

"ఉంది. మీదీ ఉంది. మీరు వాటి మీద దయ చూపించాననుకున్నారు. ఆ దయ సంగతి రాసి ఉంటే ఇవాళ మంగతాయారు గారు బతికుండేవారు." కాగితాలు పక్కకి తోసి మళ్లీ అంది. "ఇంకా ఇద్దరు నిద్రలో ఉన్నారు. వాళ్లని లేపేముందు నాకు నిజమైన లెక్క కావాలి. వేడి చాలదా, పక్కన మరో గుండె కొట్టుకుంటూ ఉండాలా? ఇరవై ఎలకలు పడుకుని ఉన్నాయి. ఎనిమిదింటి గూళ్లలోకి తోడుకి మెలకువగా ఉన్న ఎలకని ఒక్కోదాన్ని పంపుదాం. పన్నెండింటికి కింద వేడి పలక మాత్రమే, ఆవిడకి చేసినట్టే. ఎవరూ ముట్టుకోకూడదు. నేనే కూర్చుంటాను."

"నేను కూర్చుంటాను మేడమ్."

"మీ వల్ల కాదు."

"నేనే కూర్చోవాలి."

 చివరికి ఇద్దరం కూర్చున్నాం.

ఎర్రబల్బు కింద స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. తోడున్న ఎనిమిది గూళ్లలోనూ గంటన్నరకల్లా అలికిడి మొదలైంది. ఒకటొకటే తలలు బయటపెట్టాయి. అన్నీ లేచాయి. ఒంటరివాటిలో సామర్లకోట లేచింది, కడియం లేచింది, ఇంకో మూడు లేచాయి. ఏడు గూళ్లు మిగిలాయి.

రెండున్నర గంటలప్పుడు ఆస్పత్రి నుంచి ఫోనొస్తే మేడమ్ బయటికి వెళ్లింది. గదిలో నేనొక్కణ్ణే. నా ఎదురుగా అన్నవరం గూడు. అన్నవరం నాకు బాగా మాలిమి, నా వేలికి తోక చుట్టి వేలాడేది. చెయ్యి చాపితే చాలు. పది నిమిషాలు చాలు. ఎవరూ చూడరు, పలక వేడికే లేచిందని రాసెయ్యొచ్చు. నా వేళ్లు తొడ కింద తిమ్మిరెక్కి పీకుతున్నాయి. తాయారుని తలుచుకున్నాను. అద్దంలో ఆవిడ మొహాన్ని తలుచుకున్నాను. అన్నవరాన్ని ముట్టుకోలేదు. కళ్లెదురుగా ఒక ప్రాణి పోతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను, మనిషన్నవాడు చెయ్యని పని చేశాను. వెక్కి వెక్కి ఏడిచాను గానీ ముట్టుకోలేదు.

మూడు గంటలయ్యాక మేడమ్ వచ్చి తల ఊపింది. అప్పుడు గూడు విప్పి తీసుకున్నాను. అన్నవరం వెచ్చగానే ఉంది. పలక వేడికి ఒళ్లంతా చక్కగా వెచ్చగా ఉంది. తాయారు కూడా చివరికి అలాగే ఉంది.

ఏడూ పోయాయి. ఏడింటికీ ఉన్నదున్నట్టు రాశాను. మేడమ్ ప్రతి వరస కిందా సంతకం చేసింది.

*

రెండు రోజుల తర్వాత, ఇంకా నిద్రలో ఉన్న ఇద్దరిలో ఒకణ్ణి లేపారు. శ్రీకాకుళం వైపు కుర్రాడు, కాలేయం చెడింది, సరిపడేది దొరికింది. తండ్రి లేడు, తల్లి ఉంది, చేపలమ్ముకునే మనిషి. మేడమ్ నన్ను పిలిపించి, "ఎలా పట్టుకోవాలో ఆవిడకి మీరే చూపించండి," అంది.

ఆవిడకి ఒళ్లంతా కప్పే ఆస్పత్రి గౌను వేశారు. కొడుకు పక్కన పడుకోమంటే మొహమాటపడింది. నేను చూపించాను. వాడి వీపు మీ గుండెకి ఆనాలి. ఒక చెయ్యి ఛాతీ మీద. మెడ దగ్గర ఊపిరి తగలాలి. పిలుస్తూ ఉండాలి.

"ఎంతసేపు పట్టుకోవాల బాబూ?"

"లేచేదాకా అమ్మా."

"లెగుస్తాడా?"

"వణుకుతాడు ముందు. భయపడకండి, వదలకండి. వణికితే వస్తున్నట్టే."

దుప్పటి వేడెక్కడం మొదలైంది. ఆవిడ కొడుకుని హత్తుకుని, మెడ తిప్పి నా వంక చూసింది.

"నువ్వెవుల్నైనా ఇలాగ లేపినావా బాబూ?"

"ఎలకల్ని లేపానమ్మా, రెండువందల పద్నాలుగు సార్లు," అన్నాను. "మా ఆవిణ్ణి లేపలేకపోయాను. ఆలస్యంగా పట్టుకున్నాను."

ఆవిడ కొడుకుని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, వాడి చెవిలో పేరు పెట్టి పిలవడం మొదలెట్టింది. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.